మామిడి కొమ్మలకు, పొయ్యి కట్టెలకు ఏ చైన్ సా మంచిది? 32 సీసీనా, 58 సీసీనా?

నూజివీడు_తోట అడిగినది:

అందరికీ నమస్కారం. నాలుగెకరాల ముదురు మామిడి తోట. చెట్లు బాగా ఎత్తు పోయి, ఒకదాని కొమ్మలు ఒకదాంట్లోకి చొచ్చుకుపోయాయి. కాపు దిగాక కొమ్మలు దించి చెట్లను మళ్లీ చిగురింపజేయాలని ఉంది. కోయాల్సిన కొమ్మలు ఎక్కువగా 6 నుంచి 10 అంగుళాల లావు. గట్టు మీద ఎండిపోయిన తుమ్మలు, ఒకటి రెండు వేపలు ఉన్నాయి. వాటి మొదళ్లు అడుగున్నర దాకా ఉంటాయి. ఇవి కాక ఏడాది పొడవునా పొయ్యి కట్టెలు.

మిషను పట్టేది ఇంట్లో వాళ్లమే, కూలీలకు ఇచ్చే ఉద్దేశం లేదు. ఆన్‌లైన్‌లో 22 అంగుళాల బారుతో (చైను చుట్టూ తిరిగే పొడుగు పట్టీ) 58 సీసీ మిషన్లు ఏడెనిమిది వేలకే దొరుకుతున్నాయి. షోరూమ్‌లో స్టిల్ ఎంఎస్ 180, హస్క్‌వర్నా 120 చూపించారు. అవి 32, 38 సీసీయే అయినా ధర రెండు మూడు రెట్లు. సీసీ తక్కువై ధర ఎక్కువెందుకు? నా పనికి ఏది సరిపోతుంది? కరెంటు మిషను ఆలోచించవచ్చా? బారు ఎంత పొడవుండాలి?

రంపం_మెకానిక్ జవాబు:

నూజివీడు గారూ, సీసీ సంగతి పక్కన పెట్టి ముందు మీ దుంగల లావు చూడండి. పది అంగుళాల కొమ్మకు 14 అంగుళాల బారు బాగా సరిపోతుంది. అడుగున్నర మొదలును కూడా అదే బారుతో ఒక పక్క నుంచి సగం, రెండో పక్క నుంచి సగం కోయవచ్చు. బారు పొడవయ్యే కొద్దీ ఇంజను లాగాల్సిన చైను పెరుగుతుంది, పదును పెట్టాల్సిన పళ్లు పెరుగుతాయి, బారు కొస, అంటే ముక్కు, బరువెక్కి చెయ్యి లాగుతుంది. 22 అంగుళాల బారు మీ తోటలో చేసే మేలేమీ లేదు.

ఎంఎస్ 180 ఇంజను 31.8 సీసీ, శక్తి దాదాపు 2 హెచ్‌పీ, బారు చైను లేకుండా బరువు నాలుగు కిలోల చుట్టూ. హస్క్‌వర్నా 120 మార్క్ 2 ఇంజను 38.2 సీసీ, శక్తి ఇంచుమించు అంతే, బరువు 4.85 కిలోలు. రెండింటికీ 'లో-ప్రొఫైల్' (తక్కువ ఎత్తు) రకం చైను; పిచ్, అంటే లింకుల మధ్య దూరం కొలత, 3/8 అంగుళం; బారు గాడిలో దిగే లింకు మందం 1.3 మి.మీ. ఈ సన్న చైను తక్కువ వెడల్పు గాటు పెడుతుంది కాబట్టి చిన్న ఇంజను కూడా ఆగకుండా లాగుతుంది. కొమ్మల పనిలో రోజంతా మిషను ఎత్తి దించుతూ ఉండాలి. అక్కడ కిలో బరువు తగ్గడం ఒక హెచ్‌పీ పెరగడం కన్నా ఎక్కువ లాభం.

58 సీసీ అని స్టిక్కరు ఉన్నదల్లా 58 కాదు. బోరు (సిలిండరు వెడల్పు), స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) ఎంతో అడిగి లెక్క కట్టండి. 45.2 మి.మీ. బోరు, 33.5 మి.మీ. స్ట్రోకు అయితే వచ్చేది 53.7 సీసీ. అసలు ధర తేడా సీసీలో లేదు. సిలిండరు లోపలి పూత, క్రాంకు బేరింగులు, ఆయిలు సీళ్లు, కార్బొరేటరు, కుదుపును ఆపే స్ప్రింగులు, చైను ఉక్కు, వీటిలో ఉంది. చవక మిషను మొదటి నెల బాగానే కోస్తుంది. తర్వాత ఇన్‌టేక్ దగ్గర బోల్టులు వదులై గాలి లాగుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి పలచబడుతుంది, పిస్టను గీతలు పడి ఇంజను పట్టేస్తుంది.

ఏడాదికి పది ఇరవై పెద్ద మొద్దులు కూడా తప్పవనుకుంటే ఎంఎస్ 250 (45.4 సీసీ, 4.6 కిలోలు, దాదాపు 3 హెచ్‌పీ), 16 అంగుళాల బారు. మీరు రాసిన పనికి మాత్రం నా ఓటు 32 సీసీకే. కొనే ముందు ఒక్కటి తేల్చుకోండి: చైను, బారు, స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం), డయాఫ్రమ్ కిట్టు (కార్బొరేటరులోని రబ్బరు పొరలు) మీ ఊరికి బండి మీద వెళ్లి వచ్చేంత దూరంలో దొరుకుతాయా? దొరకని కంపెనీ ఎంత మంచిదైనా వద్దు.

సరుగుడు_కోత జవాబు:

మెకానిక్ గారు చెప్పింది తోట కొమ్మల వరకు ఒప్పుకుంటాను. అయితే 58 సీసీని అంత తేలిగ్గా తీసిపారేయలేం. కోస్తాలో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కోతలో చాలా ముఠాల చేతుల్లో ఉన్నవి అవే. కారణం ధర ఒక్కటే కాదు. కార్బొరేటరు, కాయిలు, స్టార్టరు, క్లచ్ ఏది పోయినా చిన్న పట్నాల్లోని పంపుసెట్ల షాపుల్లో కూడా విడిభాగం ఉంటుంది, పావుగంటలో మార్చుకుని పనిలోకి దిగుతారు. మొదలు లావున్న పచ్చి జామాయిల్‌ను వరసగా పడేయాలంటే 32 సీసీతో చెయ్యి పడిపోతుంది.

చవక మిషను తీసుకునేవారు పనిలోకి దించే ముందే ఇవి చేయించాలి. 22 అంగుళాల బారు తీసేసి 18 అంగుళాలది వేయించండి. వీటికి .325 పిచ్, 1.5 మి.మీ. మందం, 18 అంగుళాలకు 72 లింకులు, 20కి 76 వస్తాయి. దాంతో వచ్చిన చైను ఉక్కు మెత్తన, అరగంటకే మొండిబారుతుంది. ఒరెగాన్ లాంటి మంచి చైను వేస్తే అదే మిషను వేరే మిషను అయినట్టు ఉంటుంది. కార్బొరేటరు, సిలిండరు, సైలెన్సరు బోల్టులు విప్పి థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించండి. టాంకులోని పెట్రోలు పైపు గట్టిపడే రకం అయితే అప్పుడే మార్చేయండి. ఆయిలు పంపు మీద ఉండే ప్లాస్టిక్ పురి గేరు ఒకటి దగ్గర పెట్టుకోండి, అరిగేది ముందు అదే.

చైను మార్చేటప్పుడు పిచ్, మందం, లింకుల సంఖ్య, ఈ మూడూ కలవాలి. 1.3 చైనును 1.5 బారులో వేస్తే గాడిలో పక్కకు వాలి కోత వంకర పోతుంది. 1.5 చైను 1.3 గాడిలో దిగనే దిగదు. ఈ అంకెలు బారు మీద, స్ప్రాకెట్ వైపు చివర ముద్ర వేసి ఉంటాయి. ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే షాపులో తడుముకోనక్కర్లేదు.

నూజివీడు_తోట:

ఇద్దరికీ ధన్యవాదాలు. 32 సీసీ వైపే మొగ్గుతున్నాను. ఇంకో సందేహం. చుట్టుపక్కల ఎవరి మిషను చూసినా కొన్నాళ్లకు కోయడం మానేసి పొగ పెడుతోంది. "పదును పోయింది" అని కొందరు, "ఆయిలు సరిగా కలపలేదు" అని కొందరు, "ఇప్పటి పెట్రోలు మంచిది కాదు" అని కొందరు అంటున్నారు. ఏది నిజం?

రంపం_మెకానిక్ జవాబు:

మూడూ నిజమే, ఒక్కో మిషనులో ఒక్కోటి. పొగ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే తెలుస్తుంది. బారు దగ్గర పొగ వస్తే అది పదును, చైను ఆయిలు గొడవ. సైలెన్సరు నుంచి దట్టంగా వస్తే పెట్రోలు మిశ్రమం గొడవ.

పదును సంగతి ముందు చెబుతాను, ఎక్కువ మిషన్లు పాడయ్యేది దీనితోనే. కోసినప్పుడు పేళ్లు పేళ్లుగా రాలితే చైను పదునుగా ఉన్నట్టు. మెత్తటి పిండి రాలుతుంటే ఆపేయండి. పదునున్న చైను తనంతట తానే దుంగలోకి దిగుతుంది, మిషను బరువు చాలు. నొక్కాల్సి వస్తోందంటే చైను మొండిది. నొక్కిన కొద్దీ బారు వేడెక్కి అంచులు నీలం రంగుకు తిరుగుతాయి, చైను సాగుతుంది, క్లచ్ జారుతుంది, చివరికి ఇంజను పోతుంది.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. 3/8 లో ప్రొఫైల్‌కు 4 మి.మీ., .325కు 4.8 మి.మీ., పెద్ద మిషన్ల 3/8కి 5.2 లేదా 5.5 మి.మీ. ఆకురాయి సైజు తప్పితే పన్ను కొక్కెంలా వంగి ఇరుక్కుంటుంది, లేదా అంచే రాదు. బారును మొద్దులో గాటు పెట్టి అందులో కదలకుండా దిగ్గొట్టండి. చైను బ్రేకు వేయండి. బాగా అరిగిన పన్ను ఏదో వెతికి, దాని మీద రంగు గుర్తు పెట్టి అక్కడే మొదలుపెట్టండి. ఆకురాయి లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో, పన్ను మీద గీసి ఉండే 30 డిగ్రీల గీతకు సమానంగా నెట్టాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఆకురాయి మందంలో ఐదో వంతు పన్ను పైకి కనిపించాలి. ప్రతి పన్నుకూ ఒకే లెక్క, మూడంటే మూడే. ఒక వైపు పళ్లు పొట్టిగా, ఇంకో వైపు పొడుగ్గా మిగిలితే కోత ఆ పొడుగు వైపుకు తిరిగిపోతుంది. బాగా ఎండిన తుమ్మ, చింత లాంటి చేవ కట్టెకు 25 డిగ్రీలు పెడితే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది.

చాలామంది వదిలేసేది పన్ను ముందుండే చిన్న మెట్టు. అది పన్ను కన్నా 0.65 మి.మీ. కిందికి ఉండాలి. పన్ను అరిగే కొద్దీ ఎత్తు తగ్గుతుంది, మెట్టు అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఎంత పదును పెట్టినా పన్ను కట్టెను తాకదు. నాలుగైదు పదునులకోసారి గేజు పెట్టి చదునైన ఆకురాయితో మెట్టు దించండి. గేజు లేకుండా అందాజుగా కొట్టేస్తే మిషను ఎగిరెగిరి పడుతుంది, ముక్కు వెనక్కి తన్నే ప్రమాదం పెరుగుతుంది.

గట్టు మీది చెట్లకు ఇంకో గండం, లోపలికి పూడుకుపోయిన ముళ్లకంచె తీగ, మేకులు. మొదలు చుట్టూ బెరడు ఉబ్బినట్టు, నల్లటి మరకలా ఉంటే అక్కడ కోయకండి, అడుగు పైకి జరపండి. ఒక్క మేకు తగిలితే ఆ వైపు పళ్లన్నీ పోతాయి. నేల తగలడం కూడా అంతే, మట్టిలో ఒక్క క్షణం తిరిగినా పదును ఉండదు. దుంగ కింద అడ్డు కట్టె పెట్టుకోండి.

చైను ఆయిలు: పెట్రోలు టాంకు ఒకటి అయ్యేసరికి ఆయిలు టాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. ఆయిలు మిగిలిపోయిందంటే పంపో, బారులోని రంధ్రమో మూసుకుపోయింది. పరీక్ష సులువు. తెల్లటి చెక్క మీద బారు ముక్కును జానెడు ఎత్తున పట్టి సగం రేజు ఇవ్వండి, ఆయిలు చుక్కల గీత పడాలి. బండ్ల నుంచి తీసిన నల్లటి పాత ఆయిలు పోయకండి. అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది, పైగా ఆ తుంపరలు మీ ముఖం మీదా, ఒంటి మీదా పడతాయి, అది ఆరోగ్యానికి చేటు. చైను ఆయిలు దొరక్కపోతే కొత్త ఎస్‌ఏఈ 30 లేదా 40 ఇంజనాయిలు పోయండి.

పెట్రోలు: మంచి జాసో ఎఫ్‌డీ రకం (జపాన్ ప్రమాణంలో పై గ్రేడు) టూ స్ట్రోక్ ఆయిలైతే, మీ మిషను పుస్తకం ఒప్పుకుంటే, లీటరుకు 20 మి.లీ., అంటే 50:1. మామూలు 2టీ ఆయిలైతే, చవక మిషన్లకైతే లీటరుకు 40 మి.లీ., అంటే 25:1. వేరే డబ్బాలో కలిపి, బాగా ఊపి, తర్వాతే టాంకులో పోయాలి. బైకు 4టీ ఆయిలు వాడకూడదు, మసి పేరుకుని రింగులు అతుక్కుపోతాయి. ఆయిలు ఎక్కువైతే ప్లగ్గు తడుస్తుంది, పొగ వస్తుంది. తక్కువైతే ఇంజనే పోతుంది, కాబట్టి అనుమానం వస్తే ఎక్కువ వైపే ఉండండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది. ఆ నీరు ఎక్కువైతే విడిపోయి డబ్బా అడుగుకు చేరుతుంది, అది నేరుగా కార్బొరేటరులోకి పోతుంది. రబ్బరు డయాఫ్రమ్, పైపులు గట్టిపడతాయి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక మిశ్రమం కొంచెం పలచబడి ఇంజను వేడెక్కుతుంది కూడా. అందుకని రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కలపండి. పని అయ్యాక టాంకు ఒంపేసి, స్టార్ట్ చేసి దానంతట అది ఆగేదాకా వదిలేయండి. నెలల తరబడి పెట్రోలుతో అటక మీద పడుకున్న మిషనే షాపుకొస్తుంది, రోజూ పని చేసేది రాదు.

తోటల_పునరుద్ధరణ జవాబు:

మిషను గురించి పెద్దలు చెప్పారు. నేను మామిడి కోత గురించి చెబుతాను, ఎందుకంటే మిషను మంచిదైనా కోత తప్పైతే చెట్టు పోతుంది.

లావు కొమ్మను పై నుంచి ఒకే కోతతో కోస్తే సగంలో బరువుకు విరిగి, బెరడును మొదలు దాకా చీల్చుకుంటూ పోతుంది. కోయాలనుకున్న చోటుకు అడుగు బయట, కింది నుంచి పైకి మూడో వంతు కోయండి. దానికి రెండు మూడు అంగుళాలు బయటగా పై నుంచి కోసి కొమ్మను పడేయండి. మిగిలిన మోడును ఆఖరున సరైన చోట శుభ్రంగా తీయండి. కోత కొద్దిగా ఏటవాలుగా ఉంటే నీరు నిలవదు. కింది నుంచి కోసేటప్పుడు చైను మిషనును మీ వైపు నెడుతుంది, పై నుంచి కోసేటప్పుడు చెట్టు వైపు లాగుతుంది. ఈ తేడా చేతికి తెలిసే దాకా సన్న కొమ్మల మీద అలవాటు చేసుకోండి.

కోసిన రోజే బోర్డో పేస్టు పూయాలి: మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్లు. రెండూ వేరువేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి కలపాలి, ఇనుప పాత్ర వద్దు. దాన్ని నిల్వ ఉంచకుండా ఆ రోజే వాడాలి. తోట మొత్తం ఒకేసారి దించకండి, వరస విడిచి వరస తీస్తే ఏటా కొంత కాపు చేతికొస్తుంది. కోసిన తర్వాత కాండం తొలిచే పురుగు కోసం మొదళ్లు చూస్తూ ఉండండి.

నిచ్చెన మీద నిలబడి చైన్ సా పట్టకూడదు. భుజం కన్నా ఎత్తులో కోయకూడదు. అందని కొమ్మలకు పొడుగు గొట్టానికి అమర్చిన పోల్ సా అద్దెకు తీసుకోండి. బారు ముక్కు పై మూల ఏ కొమ్మకైనా తగిలిందంటే మిషను కళ్లు మూసి తెరిచేలోపు ముఖం మీదికి లేస్తుంది. గుబురు కొమ్మల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఎడమ బొటనవేలు ముందు పిడి కింది నుంచి చుట్టి ఉండాలి. లుంగీ, భుజం మీద తువ్వాలు పనికిరావు. బిగుతు ప్యాంటు, బూట్లు, కంటి అద్దాలు, చెవి మూతలు ఉండాలి.

వేప లాంటి చెట్టును మొదలంటా తీయాలంటే ముందు అటవీశాఖ వారిని అడగండి. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద అనుమతి కావాలి. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ వంటి కొన్నింటికే మినహాయింపు.

కరెంటు_పని జవాబు:

కరెంటు మిషను గురించి ఎవరూ చెప్పలేదు. 1800 వాట్ల మిషన్లు (బాష్, మకీటా) ఇంటి దగ్గర పొయ్యి కట్టెలకు చాలా బాగుంటాయి. పెట్రోలు కలిపే పని లేదు, ఏడాది మూలన పెట్టినా స్విచ్ వేయగానే తిరుగుతాయి. చైను ఆయిలు మాత్రం వీటికీ పోయాలి. 30 మీటర్ల దాకా లాగాలంటే 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వాడండి. సన్న వైరుతో వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కి కాలిపోతుంది. తోటలోకి వైరు లాగి తడి నేల మీద వాడడం మాత్రం వద్దు.

యాంగిల్ గ్రైండరుకు తగిలించే చైన్ సా అటాచ్‌మెంటు అని చవగ్గా అమ్ముతున్నారు. దయచేసి దాని జోలికి పోకండి. గ్రైండరు తిరిగేది నిమిషానికి 11,000 చుట్లు. చైను బ్రేకు ఉండదు, వెనక పిడి ఉండదు, చైను తెగితే ఆపే కొక్కెం ఉండదు. వేళ్లు పోతాయి.

నూజివీడు_తోట:

చాలా తెలిసింది. 14 అంగుళాల బారుతో 32 సీసీ తీసుకుంటాను, చైన్లు రెండు అదనంగా. చివరిగా ఒకటి. బారును అప్పుడప్పుడు తిరగేసి బిగించాలని విన్నాను. షాపులో అడిగితే "పేరు తలకిందులవుతుంది, అలా పెట్టకూడదు" అన్నారు. ఏది సరి?

రంపం_మెకానిక్ జవాబు:

తిరగేయాలి. పేరు తలకిందులైతే నష్టం లేదు. ఎక్కువగా కోసేది బారు కింది అంచుతో కనుక అది ముందు అరుగుతుంది. పదును పెట్టిన ప్రతిసారీ తిరగేస్తే రెండు అంచులూ సమంగా అరిగి బారు ఎక్కువ కాలం వస్తుంది. విప్పినప్పుడే గాడిలోని పొట్టును సన్న రేకుతో గీకేయండి, ఆయిలు రంధ్రంలో తీగ పెట్టి పొడవండి, అంచు బయటికి మడత పడి ఉంటే చదునైన ఆకురాయితో తీసేయండి. మళ్లీ చైను వేసేటప్పుడు బారు పై వైపున ఉన్న పళ్ల కొసలు ముక్కు వైపు చూడాలి, ఇది తిరగేసి వేసి "కోయడం లేదు" అనేవారు చాలామందే.

రెండు అదనపు చైన్లు కొనడం మంచి ఆలోచన. మూడింటినీ వంతులవారీగా వాడండి. ఒక్క చైనునే అరగదీస్తే స్ప్రాకెట్ కూడా దాని కొలతకే అరిగి, కొత్త చైను వేసిన రోజు నుంచే దాన్ని పాడుచేస్తుంది. స్ప్రాకెట్ మీద గాడి అర మి.మీ. లోతు దాటితే మార్చేయండి.

బిగింపు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. బారు నట్లు వదులు చేసి, ముక్కును చేత్తో పైకెత్తి పట్టుకుని స్క్రూ తిప్పండి. చైను బారు కింది అంచును అంటి ఉండాలి, బ్రేకు తీసి చేతొడుగుతో లాగితే సులువుగా తిరగాలి. కొత్త చైను మొదటి గంటలో బాగా సాగుతుంది, రెండు మూడుసార్లు బిగించాల్సి వస్తుంది. వేడి మీద బిగించిన చైనును పని ముగిశాక అలాగే వదిలేయకండి, చల్లారి ముడుచుకుంటే క్రాంకు బేరింగుల మీద లాగుడు పడుతుంది. వదులు చేసి పెట్టండి.

కొత్త మిషను మొదటి మూడు టాంకుల దాకా ఖాళీగా పూర్తి రేజులో తిప్పకండి, కట్టెలో పెట్టి కోయండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చైను కదలకూడదు. కదిలితే ఎల్‌ఏ స్క్రూను (ఇంజను నెమ్మది వేగాన్ని సరిచేసేది) కొద్దిగా వెనక్కి తిప్పండి. అప్పటికీ ఆగకపోతే క్లచ్ స్ప్రింగు సాగినట్టే, అది మార్చే దాకా మిషను పనిలోకి దించకండి.